పుస్తకం అర్థం కాకపోతే తప్పు పిల్లలదేనా?



ఈసారి మన పుస్తక నిధి గురించి కాస్త వివరంగా రాయాల్సి వచ్చింది. హోసూరులో మొన్న కూర్చున్నప్పుడు ఒక్క పుస్తకం దగ్గరే మాకు రెండు గంటలు పట్టింది. రెండో సంవత్సరం ఇంజినీరింగు పిల్లలు ఆపరేటింగ్ సిస్టమ్స్ పుస్తకం అడిగారు. వాళ్లను ఎక్కువగా ఏడిపిస్తున్నది అందులో ఒక భాగం, కాంకరెన్సీ. అనేక పనులు ఒకే సమయంలో నడుస్తూ, ఒకే వస్తువును పంచుకుంటే ఏమవుతుందన్నది అందులోని సంగతి.

"తేలికైన ఇంగ్లీషులో ఉన్నది ఏదో ఒకటి కొనివ్వండి" అని కొందరు పెద్దలు అన్నారు. "గైడు చాలు, అరియర్ పడకుంటే అదే పదివేలు" అని మరికొందరు అన్నారు. మేము రెండింటికీ ఒప్పుకోలేదు. ఎందుకో చెబుతాం.

ముందు విషయం ఏమిటో చూద్దాం. మన కల్యాణ మండపం రిజిస్టరుతో ఒకసారి పడిన తంటా చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఒకాయన రిజిస్టరు తెరిచి, ముహూర్తం రోజు ఖాళీగా ఉందని చూసి, పెళ్లివాళ్లకు ఫోన్ చేయడానికి బయటికి వెళ్లారు. ఆయన తిరిగి వచ్చి రాసేలోపు ఇంకొకాయన అదే పేజీ చూశారు, ఆయనకూ ఖాళీగానే కనబడింది. ఇద్దరూ అడ్వాన్సు తీసుకున్నారు. ఇద్దరిలో ఎవరూ తప్పు చేయలేదు, తప్పంతా చూడటానికీ రాయడానికీ మధ్య ఉన్న సందులో ఉంది. అందుకని ఒకరి పని పూర్తయ్యేదాకా ఇంకొకరు రిజిస్టరు ముట్టకూడదని నియమం పెట్టుకున్నాం. కంప్యూటరు భాషలో దాన్నే లాక్ అంటారు. ఇప్పుడు ఒకరు రిజిస్టరు పట్టుకుని రసీదు పుస్తకం కోసం, ఇంకొకరు రసీదు పుస్తకం పట్టుకుని రిజిస్టరు కోసం కాచుకుని కూర్చున్నారనుకోండి. సాయంత్రందాకా ఎవరి పనీ కాదు. అది డెడ్‌లాక్.

ఇంత సులువుగా చెప్పగలిగింది పుస్తకంలో ఎందుకు కష్టమవుతోంది? చిన్న లెక్క చూడండి. ఒక పలక మీద సున్నా రాసి ఉంది. ఇద్దరు దానికి తలా ఒకటి కలపాలి. ఒక్కొక్కరి పనికి మూడు అడుగులు: అంకె చూడటం, మనసులో ఒకటి కలపడం, వచ్చింది తిరిగి రాయడం. ఎవరి అడుగుల వరస వాళ్లది చెడకుండా ఈ ఆరు అడుగులను 20 రకాలుగా పేర్చవచ్చు. పలక మీద చివరికి 2 మిగిలేది ఆ 20లో రెండు వరసల్లోనే, అంటే ఒకరి పని మొత్తం అయ్యాక ఇంకొకరు మొదలుపెట్టినప్పుడే. మిగిలిన 18 వరసల్లోనూ 1 మిగులుతుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. వాక్యం ఒకే వరసలో నడుస్తుంది, విషయం మాత్రం రెండు మూడు వరసల్లో నడుస్తుంది. ఎంత తేలిక మాటలతో రాసినా, ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది పిల్లవాడి కంటికి కనబడకపోతే ఆ పేజీ చదివినట్టు కాదు. పైగా వేరే పాఠాల్లో అనుమానం వస్తే ప్రోగ్రాం నడిపి చూసుకోవచ్చు. ఇక్కడ తప్పు ప్రోగ్రాం కూడా వెయ్యిసార్లు సరైన జవాబిచ్చి, వెయ్యిన్నొకటోసారి మోసం చేయవచ్చు. కాబట్టి ఈ పాఠం దగ్గర పుస్తకం సరిగ్గా చెప్పకపోతే యంత్రం వచ్చి దిద్దదు.

అందుకే మేము పెట్టుకున్న పరీక్ష ఇది. పిల్లవాడు మూడు పేజీలు చదివి, పుస్తకం మూసేసి, ఖాళీ కాగితం మీద రెండు గళ్లు గీసి, ఏ అడుగు తర్వాత ఏ అడుగు పడి తప్పు వచ్చిందో తనంతట తాను రాయగలగాలి. రాయగలిగితే ఆ పుస్తకం చదవదగ్గది. లేకపోతే అట్ట ఎంత బాగున్నా మనకు పనికిరాదు.

ఈ పరీక్షతో కొన్ని పుస్తకాలు చూశాం. డైనోసార్ బొమ్మల అట్టతో వచ్చే సిల్బర్‌షాట్జ్, గాల్విన్‌ల పుస్తకం కాలేజీల్లో అందరికీ తెలిసిందే. అన్ని విషయాలూ ఉంటాయి, సిలబస్‌కు సరిపోతుంది. కానీ ఒంటరిగా కూర్చుని మొదటిసారి చదివే పిల్లవాడికి అది బరువు. మారిస్ హెర్లిహీ, నీర్ షావిట్ 2008లో తెచ్చిన 'ద ఆర్ట్ ఆఫ్ మల్టీప్రాసెసర్ ప్రోగ్రామింగ్' ఒకే పెరడును పంచుకునే ఇద్దరు ఇరుగుపొరుగువాళ్ల కథను మొదటి అధ్యాయంలోనే చెబుతుంది. ఒకరికి పిల్లి, ఒకరికి కుక్క, రెండూ ఒకేసారి పెరట్లోకి రాకూడదు. చదువుతుంటే హాయిగా ఉంటుంది. కానీ మూడో అధ్యాయానికి వచ్చేసరికి నిరూపణల బలం లేనివాడు ఆగిపోతాడు. అది పై చదువులవాళ్ల కోసం రాసిన పుస్తకం, దాని తప్పేమీ లేదు. మొదటి కథ చూసి పుస్తకమంతా అలాగే ఉంటుందనుకోవడం మన పొరపాటు.

విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్పాచీ దుస్సో దంపతుల 'ఆపరేటింగ్ సిస్టమ్స్: త్రీ ఈజీ పీసెస్' మా పరీక్షలో నిలబడింది. రెండు థ్రెడ్లు ఒకే అంకెకు చెరొక కోటిసార్లు ఒకటి కలిపితే రెండు కోట్లు రావాలి కదా, రావడం లేదని అందులో ముందే చూపిస్తారు. ఆ తర్వాత ఒక పట్టిక గీసి, 50 దగ్గర మొదలైన అంకె 52 కావాల్సింది 51 దగ్గర ఎందుకు ఆగిందో అడుగడుగునా చెబుతారు. అలెన్ డౌనీ రాసిన 'ద లిటిల్ బుక్ ఆఫ్ సెమఫోర్స్' ముందు చిక్కు ఇస్తుంది, తర్వాత చిన్న సూచన, ఆ తర్వాతే జవాబు. ఈ రెండూ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. కొనాల్సిన పని కూడా లేదు, అచ్చు తీయిస్తే చాలు.

మరి పరీక్షలో మార్కుల సంగతి ఏమిటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఇంటి మీద అప్పు తెచ్చి ఫీజు కట్టినవాళ్లకు అరియర్ అంటే ఏమిటో మాకూ తెలుసు. గైడు వద్దని మేము అనడం లేదు, గైడు ఒక్కటే చాలదంటున్నాం. నిర్వచనం బట్టీ పట్టినవాడు ఈ సెమిస్టర్ గట్టెక్కుతాడు. ఆ తర్వాత నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న బెంగళూరులో ఇంటర్వ్యూకు కూర్చుంటే అడిగేది నిర్వచనం కాదు, "ఈ ప్రోగ్రాంలో తప్పెక్కడ?" అని. అక్కడ కాగితం మీద వరస గీయగలిగినవాడే నిలబడతాడు.

ఇంకొక మాట మనసులో ఉంది. మన పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కాలేజీలో ఇంగ్లీషు మోస్తున్నారు. పాఠం అర్థం కానప్పుడు "నాకు ఇంగ్లీషు రాదు, నా బుర్ర ఇంతే" అని తమను తామే తిట్టుకుంటారు. సెమఫోర్ పాఠంలో పి, వి అని రెండు పనులు వస్తాయి. వాటికి పూర్తి పేరేమిటో తెలియక తలదించుకున్న అమ్మాయిని చూశాం. ఆ అక్షరాలు ఇంగ్లీషువి కావు తల్లీ! వాటిని పెట్టిన డైక్‌స్ట్రా డచ్చివాడు, తన భాష మాటల నుంచి తీసుకున్నాడు. అవి ఇంగ్లీషు పిల్లలకూ పరాయివే. అది చెప్పగానే ఆ అమ్మాయి ముఖం తేటపడింది. ఆ ఒక్క వాక్యం పుస్తకంలోనో పాఠంలోనో ఉండి ఉంటే అన్నాళ్లు ఆమె కుంగిపోయేది కాదు.

కాబట్టి సభ్యులను మేము కోరేది రెండే. ఒకటి, ఇకమీదట పుస్తక నిధితో ఏ పుస్తకం కొన్నా ముందు ఇద్దరు పిల్లల చేత మూడు పేజీలు చదివించి, వాళ్లు కాగితం మీద ఏం గీశారో చూసి నిర్ణయిద్దాం. పేరు చూసి కాదు, ధర చూసి కాదు. రెండు, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ పని చేసే మన అన్నలు, అక్కలు నెలకు ఒక ఆదివారం వచ్చి పిల్లల పక్కన కూర్చోవాలి. ఉపన్యాసం అక్కర్లేదు. ఆ పేజీని తెలుగులో, మన ఇంటి తెలుగులోనే, ఒకసారి చెప్పించుకుంటే చాలు. నోటితో చెప్పలేకపోతే ఎక్కడ తెగిందో అక్కడే తెలిసిపోతుంది.

వచ్చే ఆదివారం ఎవరెవరు రాగలరో కింద రాయండి. మండపం రిజిస్టరు కూడా అక్కడే ఉంటుంది, మొదటి పాఠానికి పనికొస్తుంది.