సద్దుమణిగింది సరే, చల్లారిందా?

రాత్రి పది దాటితే పల్లె సద్దుమణుగుతుంది. సద్దు అంటే చప్పుడు. అది అణగిపోవడమే సద్దుమణగడం. నిద్రపోయే ఊరికి చక్కగా అమరిన ఈ మాటను పత్రికలు గొడవలకు వాడుకుంటున్నాయి. 'పోలీసులు నచ్చజెప్పడంతో వివాదం సద్దుమణిగింది' అన్న వాక్యం జిల్లా పేజీ చదివేవారందరికీ పరిచయమే.

కానీ ఆ క్రియ చప్పుడు సంగతే చెబుతుంది, నిప్పు సంగతి చెప్పదు. నివురుగప్పిన నిప్పూ చప్పుడు చేయదు కదా!

'చల్లారడం' అలా కాదు. పొయ్యి చల్లారిందో లేదో చెయ్యి దగ్గర పెట్టి చూస్తే తెలిసిపోతుంది. 'చల్లార్చారు' అంటే చేసినవాళ్లెవరో కూడా చెప్పాలి. 'సడలడం' ఈ రెండింటికీ మధ్యది, ముడికి సంబంధించినది. కర్ఫ్యూను రెండు గంటలు సడలించారంటే ఎత్తేశారని ఎవరూ అనుకోరు, సంచి పట్టుకుని కూరగాయలకు పరుగెడతారు. సడలిన ముడిని మళ్లీ బిగించొచ్చని జనానికి తెలుసు.

'నిర్వీర్యం' తీరే వేరు. బాంబును నిర్వీర్యం చేస్తే ఊరు ఊపిరి పీల్చుకుంటుంది. ఒక మంచి సంస్థను నిర్వీర్యం చేస్తే అదే ఊరు నష్టపోతుంది. ఉద్రిక్తతకు ఈ మాట అతకదు. మనుషుల కోపంలో తెంపేయాల్సిన తీగ ఉండదు, దగ్గర కూర్చుని సర్దిచెప్పాల్సిన మనసుంటుంది.

ఈ తేడాలు నిఘంటువుకే పరిమితం కావు. 2020 జూన్ 6న తూర్పు లద్దాఖ్ సరిహద్దు వద్ద భారత్, చైనా సైనిక కమాండర్లు సమావేశమై ఉద్రిక్తతలు తగ్గించుకునే ప్రక్రియకు ఒప్పుకున్నారు. దూరం నుంచి చూసినవారికి అంతా సద్దుమణిగినట్టే ఉంది. తొమ్మిది రోజులకే, జూన్ 15 రాత్రి, గల్వాన్ లోయలో ఘర్షణ జరిగి 20 మంది భారత సైనికులు ప్రాణాలిచ్చారు. వారిలో సూర్యాపేట బిడ్డ, కల్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు ఉన్నారు. ఒప్పుకున్న మాట కొండ మీద అమలు కాకముందే 'తగ్గింది' అని ఎవరైనా రాసి ఉంటే, అది ఎంత తొందరపాటో సూర్యాపేటకు తెలుసు.

సైన్యం ఇక్కడ మూడు దశలను విడదీసి చూస్తుంది. ఎదురెదురుగా నిలబడ్డ జవాన్లు పక్కకు జరగడం మొదటిది, ఉద్రిక్తత తగ్గడం రెండోది, అదనంగా తెచ్చిన బలగాలను వెనక్కి పంపడం మూడోది. తెలుగు వార్తల్లో మొదటిదానికీ మూడోదానికీ చాలాసార్లు 'ఉపసంహరణ' ఒక్కటే దిక్కవుతోంది. ఇది చిన్న పొరపాటు కాదు. సరిహద్దులో కొడుకున్న తల్లి ఆ మాట చదివి, వాడు ఇంటికొస్తున్నాడనుకోవచ్చు.

అదే తూర్పు లద్దాఖ్‌లోని దెప్సాంగ్, డెమ్‌చోక్‌లలో గస్తీపై చైనాతో ఒప్పందం కుదిరినట్టు 2024 అక్టోబరు 21న భారత్ ప్రకటించింది. అప్పటి స్థితికి 'సడలింది' అన్న మాటే సరిగ్గా సరిపోతుంది. నిజంగానే ముడి కొంత వదులైంది, గస్తీ మళ్లీ మొదలైంది. కానీ ఆ చలికాలంలోనూ జవాన్లు ఆ కొండల మీదే కాపలా కాశారు.