మూతి వంకరపోయిందా? ముందు టైమ్ అడగండి!

ఖమ్మం దాటి భద్రాచలం అడవి అంచు ఊళ్లకు పోతే, పక్షవాతానికి ఇప్పటికీ వినిపించే పేరు ‘గాలి సోకింది’. పసరు, మర్దన, తాయెత్తు అంటూ పొద్దుగూకుతుంది. ఈలోగా హైదరాబాద్‌లో ఉన్న మనకి ఫోన్ వస్తుంది: ‘తాతకి చెయ్యి పడిపోయింది, ఏం చేద్దాం?’

జబ్బు చేతిలో లేదు, మెదడులో ఉంది. అక్కడి రక్తనాళంలో గడ్డ అడ్డుపడినా, నాళం చిట్లినా స్ట్రోకే. ఎక్కువగా వచ్చేది మొదటి రకం. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి దాదాపు 19 లక్షల మెదడు కణాలు చనిపోతాయని అంచనా. గడ్డని కరిగించే ఇంజెక్షన్ ఉంది కానీ, మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. అదీ సీటీ స్కాన్ తీశాకే. బయటికి రెండు రకాలూ ఒకేలా ఉంటాయి మరి. నాళం చిట్లినవాళ్లకి ఆ ఇంజెక్షన్ ఇస్తే ప్రాణం మీదికొస్తుంది.

ఇప్పుడు దారి లెక్క చూడండి. చర్ల నుంచి భద్రాచలం దాదాపు 60 కి.మీ. అక్కణ్నుంచి ఖమ్మం ఇంకో 120. ముందు ఆర్‌ఎంపీ, తర్వాత చిన్నాసుపత్రి, ఆ తర్వాత పెద్దాసుపత్రి అని తిరిగితే టైమంతా రోడ్డు మీదే అయిపోతుంది. 108కి ఫోన్ చేసినప్పుడే ‘పక్షవాతంలా ఉంది, సీటీ స్కాన్ ఉన్న దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్లండి’ అని చెప్పించండి.

అనుమానంగా ఉంటే వీడియో కాల్ చేయండి. నవ్వమనండి, మూతి ఒక పక్కకి పోతోందా? రెండు చేతులూ చాపమనండి, ఒకటి కిందికి జారుతోందా? పేరు చెప్పమనండి, మాట ముద్దగా వస్తోందా? ఉన్నట్టుండి వీటిలో ఒక్కటి తేడా వచ్చినా బయల్దేరాల్సిందే. పది నిమిషాల్లో సర్దుకున్నా సరే, అది పెద్ద స్ట్రోక్‌కి ముందస్తు హెచ్చరిక కావచ్చు.

ఇక అసలు ప్రశ్న: ‘చివరిసారి మామూలుగా ఉన్నది ఎన్నింటికి?’ డాక్టర్ లెక్క అక్కణ్నుంచే మొదలవుతుంది. రాత్రి పదింటికి బాగానే పడుకుని, పొద్దున ఆరింటికి మూతి వంకరతో లేస్తే, లెక్క ఆరు నుంచి కాదు, పది నుంచి. టైమ్ దాటిందని ఇంట్లో ఉంచేయకండి. కొంతమందికి 24 గంటల వరకు కూడా గొట్టంతో గడ్డని బయటికి తీసే వీలుంది. ఆ టైమ్, షుగర్ ఉందా లేదా, వాడుతున్న మందుల ఫొటో, అన్నీ తోడు వెళ్లేవాళ్లకి వాట్సాప్ చేయండి. నోట్లో నీళ్లు పోయొద్దు, మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆస్పిరిన్ వేయొద్దు, చిట్లిన నాళమైతే ఇంకా ప్రమాదం.

స్ట్రోక్‌కి అన్నిటికన్నా పెద్ద కారణం బీపీ. నొప్పి ఉండదు కాబట్టి మన పెద్దవాళ్లు మధ్యలోనే మాత్రలు ఆపేస్తారు. ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు ‘తిన్నారా’ తర్వాత ఇంకో మాట అడగండి: ‘బీపీ గోళీ వేసుకున్నారా?’