కాటటోనియా తీవ్రతకు మార్కులు వేసేది ఏ భాషలో?

సూరత్ మరమగ్గాల మీద బతికే వారిలో తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలి కుటుంబాలు చాలా ఉన్నాయి. అలాంటి ఇంట్లో ఒకరు ఉన్నట్టుండి మాట మానేసి, అన్నం నీళ్లు ముట్టక, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి కూర్చున్నారనుకోండి. మొండితనమనో, గాలి సోకిందనో అనుకునే ప్రమాదం ఉంది. అది కాటటోనియా కావచ్చు. 1874లో జర్మన్ వైద్యుడు కాల్‌బామ్ వర్ణించిన ఈ స్థితి స్కిజోఫ్రెనియాలోనే కాదు, తీవ్రమైన డిప్రెషన్‌లోనూ, మెదడు వాపు వంటి జబ్బుల్లోనూ కనిపిస్తుంది.

దీని తీవ్రతను చెప్పే రక్తపరీక్ష గానీ స్కానింగ్ గానీ లేదు. రోగిని పరీక్షించి మార్కులు వేయాల్సిందే. అందుకు ఎక్కువగా వాడేది 1996లో వచ్చిన బుష్-ఫ్రాన్సిస్ స్కేలు. ఇందులో 23 లక్షణాలుంటాయి. మొదటి 14లో కనీసం రెండు 24 గంటల పాటు ఉంటే కాటటోనియాగా అనుమానించాలి. ఆపై ఒక్కో లక్షణానికి 0 నుంచి 3 వరకు, మొత్తం 69 మార్కులు. లొరాజెపామ్ ఇచ్చాక ఆ మార్కులు తగ్గుతున్నాయా అన్నదాన్ని బట్టి మోతాదు పెంచాలా, ఈసీటీకి వెళ్లాలా అని ఆలోచిస్తారు. అందుకే ఒకసారి వేసి వదిలేస్తే చాలదు.

అయితే ఈ మార్కుల్లో కొన్ని భాష మీద ఆధారపడతాయి. ‘చెయ్యి లేవనివ్వకు’ అని చెప్పి డాక్టర్ వేలితో మెల్లగా పైకి నెడతారు. వద్దన్నా చెయ్యి లేస్తే 3 మార్కులు. ఆ మాట హిందీలోనో గుజరాతీలోనో చెబితే, కొత్తగా ఊరొదిలి వచ్చినవారికో ఇంటిపట్టునే ఉండే పెద్దవారికో అర్థం కాకపోవచ్చు. డాక్టర్ ఎత్తమంటున్నారనుకుని ఎత్తుతారు. దీనికి ఎదురు పొరపాటు ఇంకా ప్రమాదకరం: నిజంగానే మాట పడిపోయిన మనిషిని ‘భాష రాదులే’ అని వదిలేయడం.

కాబట్టి పరీక్ష సమయంలో రోగి భాష తెలిసిన మనిషి పక్కన ఉండాలి. ఏ భాషలో అడిగారో మార్కుల కాగితం మీదే రాయాలి. మళ్లీ పరీక్షించినప్పుడూ అదే భాషలో అడగాలి. అప్పుడే నిన్నటి అంకెను నేటి అంకెతో పోల్చగలం. మాట ఎప్పుడు ఆగింది, తిండి ఎప్పుడు మానేశారు, ఏ మందు మధ్యలో ఆపేశారు అన్నవి చెప్పగలిగేదీ ఇంటివాళ్లే.

కండరాలు బిగుసుకోవడం, జ్వరం, నాడి వేగం తెలుసుకోవడానికి మాత్రం దుబాసీ అక్కర్లేదు. జ్వరం వచ్చినా, నీళ్లు తాగకపోయినా మొత్తం మార్కులు తక్కువే కదా అని ఆగకూడదు. అది అత్యవసరమే.