పర్యావరణ హిత కొనుగోలుకు చదువు ఒక్కటే చాలునా?

పర్యావరణానికి మేలుచేసే వస్తువులను ఎవరు కొంటారు? చదువుకున్నవారు, ఆదాయం గలవారు, నగరవాసులు, యువతరం అన్నది మార్కెట్ పరిశీలకులు సాధారణంగా ఇచ్చే సమాధానం. ఈ కొలబద్దతో చూస్తే రాయచూరు జిల్లాపై పెద్దగా ఆశ పెట్టుకోనక్కరలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం జిల్లా జనాభా 19.28 లక్షలు. అక్షరాస్యత సుమారు 60 శాతం. స్త్రీలలో అది సగానికి కూడా చేరలేదు. దాదాపు మూడు వంతుల జనం గ్రామాల్లోనే ఉన్నారు.

అయితే వారపు సంతలో కనిపించేది వేరు. అక్కడికి గుడ్డసంచితో వచ్చేవారిలో ఎక్కువమంది వయసు మళ్ళిన, బడి ముఖం చూడని స్త్రీలే. వారికి అది ఉద్యమం కాదు, పొదుపు. ప్లాస్టిక్ నష్టాలపై పరీక్షలో చక్కని జవాబు వ్రాసే మా విద్యార్థులు మాత్రం వట్టి చేతులతో వెళ్ళి నాలుగు ప్లాస్టిక్ సంచులతో తిరిగివస్తున్నారు. తెలిసినంత మాత్రాన అలవాటు మారదనడానికి ఇంతకన్న నిదర్శనమేమి కావాలి?

ఆదాయ ప్రభావమూ ఒకే తీరుగా లేదు. సౌర నీటి హీటరు కొనడానికి డబ్బుతోపాటు సొంత ఇంటి కప్పు ఉండాలి. అద్దె ఇంటివారికి ఆ అవకాశం లేదు. ఏ రోజు కూలి ఆ రోజే అందుకునే కుటుంబం షాంపూ పెద్ద సీసా కొనలేదు గనుక చిన్న ప్యాకెట్టే కొంటుంది. ఆ చెత్తకు వారి నిర్లక్ష్యంకన్న ఆదాయం అందే తీరే ఎక్కువ కారణం.

ధర తగ్గితే ఈ తేడాలు ఎంతగా చెరిగిపోతాయో ఎల్‌ఈడీ బల్బు నిరూపించింది. 2014లో సుమారు రూ.310 ఉన్న ప్రభుత్వ సేకరణ ధర 2016 నాటికి రూ.38కి దిగింది. నేడు గుడిసెలోనూ మేడలోనూ వెలుగుతున్నది అదే బల్బు.

కర్ణాటక 2016 మార్చిలోనే ప్లాస్టిక్ సంచులను నిషేధించింది. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారవేసే పలు ప్లాస్టిక్ వస్తువులపై దేశమంతటా నిషేధం వచ్చింది. అయినా సంచులు సంతను వీడలేదు. చిల్లర వ్యాపారికి జరిమానా వేసినంత మాత్రాన ఫలితముండదు. మహిళా స్వసహాయ సంఘాలు కుట్టిన గుడ్డసంచులు సంత ముఖద్వారం వద్దే చౌకగా దొరకాలి. సింధనూరు, మాన్వి ప్రాంతాల తెలుగు క్యాంపులకు ప్రచారం కన్నడంతోపాటు తెలుగులోనూ చేరాలి. అన్నిటికన్న ముందు, అవ్వ చేతి సంచిని మనుమడు సిగ్గుపడకుండా అందుకోవాలి. ఆ పాఠం బడిలోనే గాక ఇంట్లోనూ మొదలుకావాలి.