సంతకాల స్నేహం చాలదు

ఏదో విదేశీ నగరంతో మన నగరానికి సోదర సంబంధం కుదిరిందన్న వార్త అప్పుడప్పుడు పేపర్లో చూస్తుంటాం. ఇద్దరు మేయర్లు చేతులు కలుపుతారు, జ్ఞాపికలు చేతులు మారతాయి, ఒక నృత్య ప్రదర్శన జరుగుతుంది. ఆ పైన ఏమైందో ఎవరికీ పట్టదు. "ఇదంతా పెద్దవాళ్ళ విదేశీ విహారం, మనకేంటి?" అంటారు మిత్రులు. వాళ్ళ విసుగుతో నాకు పేచీ లేదు. వాళ్ళు తేల్చిన మాటతోనే పేచీ.

ఈ సంబంధాలు విందుల్లో పుట్టినవి కావు. ఇంగ్లండులోని కోవెంట్రీ నగరం 1940 నవంబరు 14 రాత్రి జర్మన్ బాంబులకు తగలబడింది. 500 మందికి పైగా చనిపోయారు, పాత చర్చి మొండిగోడలుగా మిగిలింది. యుద్ధం ఇంకా సాగుతుండగానే ఆ ఊరి స్త్రీలు 830 మంది స్టాలిన్‌గ్రాడ్ కష్టం విని, ఒక బల్లగుడ్డ మీద తమ పేర్లు కుట్టి, తలా ఆరు పెన్నీలు వేసుకుని అక్కడికి పంపారు. 1944లో ఆ రెండు నగరాలకూ బంధం కుదిరింది. ముందు కదిలింది సూదీ దారమూ. కాగితాలు తర్వాత వచ్చాయి.

మిత్రులకు సాయం చేయడం గొప్పా అంటారేమో. మరి శత్రువుల మాట? 1945 ఫిబ్రవరిలో బ్రిటిష్, అమెరికన్ విమానాలు డ్రెస్డెన్‌ను బూడిద చేశాయి. సుమారు 25,000 మంది చనిపోయారని చరిత్రకారుల అంచనా. కోవెంట్రీ 1959లో ఆ డ్రెస్డెన్‌తోనే చెలిమి కట్టింది. జర్మన్ యువకులు కోవెంట్రీకి వచ్చి చర్చి శిథిలాల్లో పనిచేశారు. 1965లో కోవెంట్రీ తరఫున బ్రిటిష్ యువతీ యువకులు డ్రెస్డెన్ వెళ్ళి, బాంబులకు కూలిన ఆస్పత్రిని తిరిగి కట్టడానికి రాళ్ళు మోశారు. అప్పటికి డ్రెస్డెన్ తూర్పు జర్మనీలో, అంటే ఎదుటి శిబిరంలో ఉంది. వెళ్ళినవాళ్ళు మన ఈడువాళ్ళే!

ఆస్పత్రి గోడలు కడితే చచ్చినవాళ్ళు లేచొస్తారా అని అడగొచ్చు. రారు. కాని వాళ్ళు చనిపోలేదని ఎవరూ బుకాయించలేదు కదా! తప్పును దాచకుండా, దాని ఎదుటే నిలబడి పనిచేశారు. ఆ బంధానికి బలం అక్కడుంది.

దీనికి ఎదురు ఉదాహరణ ఒసాకా, శాన్‌ఫ్రాన్సిస్కోలది. 1957లో కలిసిన నగరాలవి. యుద్ధకాలంలో జపాన్ సైన్యం లైంగిక బానిసలుగా చేసిన స్త్రీల స్మృతికి శాన్‌ఫ్రాన్సిస్కోలో 2017లో విగ్రహం వెలిసింది. దాని మీద తగవు పెరిగి 2018లో ఒసాకా మేయర్ ఆ సంబంధాన్ని తెంచేశారు. అరవై ఏళ్ళ స్నేహం ఒక చేదు నిజాన్ని తట్టుకోలేకపోయింది. సంతకంతో ముడిపడింది సంతకంతోనే తెగింది.

మా ఊళ్ళో నాట్లప్పుడు ఒకరి చేలో మరొకరు పనికి వెళ్తారు. నిన్న మాట పట్టింపు వచ్చినవాళ్ళు కూడా వెళ్తారు, ఎందుకంటే అదను ఆగదు. ఒకే మడిలో వంగి నాటాక ఆ పట్టింపు పాతది కాదు గాని, మాట్లాడుకోదగింది అవుతుంది. నగరాలకైనా ఇంతకంటే వేరే సూత్రం ఉందనుకోను.

అందుచేత మన సంఘానికి నా సూచన ఒక్కటే. రేపు ఏ దూరపు కళాశాలతోనైనా సాంస్కృతిక వినిమయం కుదిరితే, నాయకులు నలుగురు వెళ్ళి నాట్యం చూసి, శాలువాలు కప్పించుకుని రావడంతో సరిపెట్టవద్దు. అక్కడి విద్యార్థులు, ఇక్కడి విద్యార్థులు కలిసి ఒక చెరువు నీటిని పరీక్షించాలి, ఒక బడికి గోడ కట్టాలి. తమ మధ్య చెప్పుకోవడానికి ఇబ్బందిగా ఉన్న సంగతులు కూడా కూర్చుని మాట్లాడుకోవాలి. డబ్బు లేదంటారా? కోవెంట్రీ స్త్రీలు తలా వేసుకుంది ఆరు పెన్నీలే.