లైటు వెలిగితే కాలమ్ పోయినట్టేనా?

బీజాపూర్ రోడ్డు మీద మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా ఏ షెడ్డు ముందు బండి ఆపినా ఇప్పుడు ఒకటే తీర్పు. డాష్‌బోర్డు మీద స్టీరింగ్ బొమ్మ వెలిగిందా, ఇక స్టీరింగ్ కాలమ్ మార్చాల్సిందే. కరెంటు స్టీరింగ్‌కు రిపేరు ఉండదు, ఆలస్యం చేస్తే నడిరోడ్డు మీద లాక్ అవుతుంది, తర్వాత మీ ఇష్టం. షెడ్డులో మెకానిక్ ఒక్కడే ఈ మాట అంటే పోనీలే అనుకోవచ్చు. నగరంలో ఏసీ గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చే సర్వీస్ అడ్వైజర్లూ ఇదే అంటున్నారు. తేడా అల్లా, వాళ్లు ఎస్టిమేట్ ప్రింటు తీసి చేతిలో పెడతారు. పదుల వేల రూపాయల ఆ కాగితం వెనక చాలాసార్లు ఒక్క కొలత కూడా ఉండదు.

ముందు ‘లాక్’ సంగతి తేల్చాలి. బేరమంతా ఆ భయం మీదే నడుస్తుంది కనుక. ఈ రోడ్డు మీద భయం ఊరికే పుట్టింది కాదు. 2024 డిసెంబరులో ఆలూరు గేటు దగ్గర కూరగాయలు అమ్ముకునేవాళ్ల మీదికి లారీ దూసుకొచ్చింది. 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును ఢీకొని 19 మంది పోయారు. రెండు పక్కలా మర్రిచెట్లు, మధ్యలో రెండు లైన్ల తారు, ఎదురుగా టిప్పర్లు. రోజూ ఈ దారిన పోయేవాడి చెవిన ‘స్టీరింగ్ ఫెయిల్’ అన్న మాట వేస్తే ధర అడిగే ధైర్యం కూడా చేయడు. ఆ భయం న్యాయమైనదే. దాన్ని అడ్డం పెట్టుకొని అమ్మే సరుకు సంగతే నేను మాట్లాడుతున్నది.

మన చిన్న కార్లలో చాలావాటికి కరెంటు స్టీరింగ్ మోటారు డాష్‌బోర్డు కింద, కాలమ్ మీదే కూర్చుని ఉంటుంది. చేతిలోని చక్రం నుంచి కింద టైర్లను తిప్పే ర్యాక్ దాకా ఉన్నది ఇనుప షాఫ్టు. మోటారు చేసేది దానికి బలం కలపడం ఒక్కటే. కరెంటు పోతే బలం పోతుంది, షాఫ్టు ఎక్కడికీ పోదు. నిలబడ్డ బండిని తిప్పాలంటే భుజాలు నొప్పి పుడతాయి, వేగం అందుకున్నాక ఆ బరువు చాలావరకు తగ్గుతుంది. 2014 మార్చి 31న జనరల్ మోటార్స్ అమెరికాలో ఈ లోపంతోనే దాదాపు 13 లక్షల కార్లను వెనక్కి పిలిచింది. నడుస్తుండగా ఉన్నట్టుండి పవర్ సహాయం ఆగిపోవడం అక్కడి ఫిర్యాదు. అప్పుడు కూడా కంపెనీ చెప్పింది ఇదే: స్టీరింగ్ అదుపులోనే ఉంటుంది, తక్కువ వేగంలో ఎక్కువ బలం పెట్టాల్సి వస్తుంది. మలుపు మధ్యలో ఒక్కసారిగా చక్రం బరువెక్కితే ప్రమాదమే, కాదనను. లక్షల బండ్లను వెనక్కి పిలిచింది అందుకే. అయినా బరువెక్కడం వేరు, బిగుసుకుపోవడం వేరు. నిజంగా బిగుసుకునేలా చేసేది మరొకటుంది. లైటు చూసి బెదిరి, బండి పోతుండగానే తాళంచెవి వెనక్కి తిప్పి లాగేయడం. అప్పుడు పడేది దొంగల కోసం పెట్టిన తాళం. పాతకాలం తాళంచెవి బండి నడిపేవాళ్లు ఈ ఒక్క పని మాత్రం చేయకూడదు.

ఇక లైటు. 1988లో జపాన్‌లో సుజుకీ సెర్వో అనే బుల్లి కారుకు కరెంటు స్టీరింగ్‌ను మొదటిసారి పెట్టినప్పటి నుంచి ఈ ఏర్పాటు మూలసూత్రం పెద్దగా మారలేదు. కాలమ్ లోపల ఒక సన్నటి కడ్డీ ఉంటుంది. మీరు చక్రం తిప్పగానే అది రవ్వంత మెలిపడుతుంది, టార్క్ సెన్సార్ ఆ మెలికను కొలుస్తుంది. ఈసీయూ అనే కంప్యూటర్ పెట్టె ఆ కొలతనూ బండి వేగాన్నీ చూసి, మోటారుకు ఎంత కరెంటు ఇవ్వాలో లెక్కగడుతుంది. వేగం లెక్క చక్రాల దగ్గరి సెన్సార్ల నుంచి, ఇంజిన్ నడుస్తోందన్న కబురు ఇంజిన్ ఈసీయూ నుంచి, పన్నెండు వోల్టులు బ్యాటరీ నుంచి రావాలి. వీటిలో ఏ ఒక్కటి లెక్క తప్పినా ఈసీయూ అనుమానంతో సహాయం తగ్గిస్తుంది, లేదా ఆపేసి లైటు వెలిగిస్తుంది. కబురు రాలేదని చెప్పినవాణ్నే పట్టుకొని ఉద్యోగం ఊడగొడుతున్నాం మనం.

మొయినాబాద్ చుట్టుపక్కల ఈ లైటు ఎవరి బండ్లలో వెలుగుతోందో చూడండి, సగం జవాబు అక్కడే దొరుకుతుంది. ఫామ్‌హౌస్ బండ్లు. సోమవారం నుంచి శుక్రవారం దాకా షెడ్డు కింద కదలకుండా ఉంటాయి. అలారం, సెంట్రల్ లాక్, మ్యూజిక్ సిస్టమ్ కొద్దికొద్దిగా బ్యాటరీని పీల్చేస్తాయి. శనివారం పొద్దున సెల్ఫ్ కొట్టగానే ఇంజిన్ అందుకుంటుంది గానీ, ఆ క్షణంలో వోల్టేజీ తొమ్మిది పది దగ్గరికి పడిపోతుంది. స్టీరింగ్ లైటు వెలుగుతుంది. నిండు బ్యాటరీ విశ్రాంతిలో 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. ఇంజిన్ నడుస్తుంటే టెర్మినల్స్ మీద సుమారు 13.5 నుంచి 14.5 కనిపించాలి. ఈ రెండు అంకెలు చూడటానికి రెండు నిమిషాలు చాలు. అవి చూడకుండా కాలమ్ పేరెత్తినవాడి దగ్గర మాట్లాడటం దండగ. అవే ఫామ్‌హౌస్‌లలో ఎలుకలూ ఉంటాయి, బానెట్ కింద వెచ్చగా ఉండే చోటు వెతుక్కుంటాయి. ఎలుక కొరికిన వైరుకు కాలమ్ మార్చడమంటే ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమే.

చేవెళ్ల వైపు పొలాల దారుల్లో తిరిగే బండ్ల కథ వేరు. టమాటా, క్యారెట్ ట్రేలు వేసుకొని వానాకాలం బురదలో దిగి ఎక్కే బండికి చక్రం దగ్గరి సెన్సార్ మట్టిలో కూరుకుపోతుంది, లేదా దాని వైరు తెగుతుంది. వేగం కబురు ఆగితే స్టీరింగ్ లైటు వెలగొచ్చు. ఏబీఎస్ లైటు, స్టీరింగ్ లైటు జోడీగా వెలిగాయంటే చూపు ముందు చక్రాల మీదికి పోవాలి. ఇందులోనే షెడ్డువాళ్లు ఒప్పుకోని తమాషా ఒకటుంది. ఇప్పటి చాలా వీల్ బేరింగ్‌లకు ఒక పక్క అయస్కాంతపు పట్టీ ఉంటుంది. అది సెన్సార్ వైపు ఉండాలి. బేరింగ్‌ను తిరగేసి కొట్టారనుకోండి, చక్రం చక్కగా తిరుగుతుంది, చప్పుడూ ఉండదు, సెన్సార్‌కు మాత్రం ఏమీ అందదు. నిన్న బేరింగ్ వేసిన చేతులే ఇవాళ ‘కరెంటు స్టీరింగ్ ఇంతే సార్’ అంటాయి.

చిలుకూరు గుడి దగ్గర సెలవు రోజు ఎండలో బండి పెట్టే చోటు కోసం అవస్థ పడేవాళ్ల మాట కూడా చెప్పాలి. నిలబడ్డ బండిని ముందుకో జానెడు, వెనక్కో జానెడు జరుపుతూ, చక్రాన్ని చివరిదాకా తిప్పి అక్కడే బిగబట్టి ఉంచితే మోటారు వేడెక్కుతుంది. కాలిపోకుండా ఈసీయూ కరెంటు తగ్గిస్తుంది, స్టీరింగ్ టైటవుతుంది. చల్లారాక మామూలైపోతుంది. అది తనను తాను కాపాడుకోవడం, జబ్బు కాదు.

కరెంటు వస్తోందని నిరూపించడానికి మన షెడ్లలో చేసే పరీక్ష కాస్త దగ్గరగా చూడాల్సింది. వైరుకు టెస్ట్ ల్యాంప్ ఆనిస్తారు. బల్బు వెలుగుతుంది. ‘సప్లై ఓకే, ఎర్త్ ఓకే, ఇక మోటారే’ అంటారు. కానీ ఆ చిన్న బల్బు తాగేది అర ఆంపియర్ కన్నా తక్కువ. నిలబడ్డ బండిని తిప్పేటప్పుడు మోటారు నలభై ఆంపియర్లూ లాగగలదు. ఎర్త్ బోల్టు కింద తుప్పు పట్టి 0.02 ఓమ్‌ల అడ్డు ఏర్పడిందనుకోండి. బల్బు దాన్ని గుర్తుపట్టనే పట్టదు. నలభై ఆంపియర్ల దగ్గర మాత్రం అక్కడే 0.8 వోల్టు మాయమవుతుంది. సరైన పరీక్ష ఇలా ఉంటుంది: మీటర్‌ను డీసీ వోల్టుల మీద పెట్టి, నల్ల పిన్నును బ్యాటరీ మైనస్ పోల్ మీద, ఎర్ర పిన్నును స్టీరింగ్ ఈసీయూ ఎర్త్ వైరు మీద ఆనించాలి. ఇంజిన్ నడుస్తుండగా ఇంకొకరు సీట్లో కూర్చుని చక్రాన్ని గట్టిగా అటూ ఇటూ తిప్పాలి. అంకె 0.1, 0.2 దాటకపోతే ఎర్త్ బాగున్నట్టు. తిప్పినప్పుడల్లా అరవోల్టుకు పైకి ఎగిరితే దొంగ దొరికాడు. బోల్టు ఊడదీసి, ఎమ్రీ కాగితంతో రుద్ది, మళ్లీ బిగించాలి. ప్లస్ వైపూ ఇదే పద్ధతి. లోడు లేని కొలత ఇక్కడ కొలత కాదు. ఎందుకో ఈ ఒక్క మాట మన మెకానిక్‌లకు ఎక్కడా చెప్పినట్టు లేదు.

సరే, కరెంటు అంతా సరిగ్గానే ఉంది, స్టీరింగ్ మాత్రం టైటే. ఇప్పుడైనా కాలమేనా? కాదు, ఇంకా కింద చూడాల్సింది ఉంది. లైటు వెలగకుండా బరువుందంటే అనుమానం ఇనుము మీదికే ఎక్కువగా పోవాలి. టైర్లలో గాలి ఎంతుంది? ఇంజిన్ ఆపి, ముందు చక్రాలు రెండూ నేలకు తగలకుండా లేపి తిప్పితే ఎలా ఉంది? స్టీరింగ్ చక్రం ఒక చుట్టు తిరిగేలోపు రెండుసార్లు బిగుసుకొని రెండుసార్లు వదులైతే అది కింది షాఫ్టు క్రాస్ జాయింటు తుప్పు. విద్యుత్ లోపం అలా లెక్క పెట్టుకొని రాదు. మలుపు తిరిగాక చక్రం తనంతట తాను మధ్యకు రాకపోతే సస్పెన్షన్ మీది బేరింగ్‌నూ అడగాలి. ఎదురుగా టిప్పర్ వస్తే తారు దిగి, మళ్లీ తారు అంచును కొట్టుకుంటూ ఎక్కడం మన దారిలో నిత్యకృత్యం. దానివల్ల అలైన్‌మెంట్ పోతుంది, టై రాడ్ వంగుతుంది, బండి ఒక పక్కకు లాగుతుంది. ఆ పాపమూ మోటారు నెత్తినే.

‘అంత పెద్ద కంపెనీ వాళ్లకు తెలియదా’ అనేవాళ్ల కోసం రెండు ఉదాహరణలు. 2024 అక్టోబరులో హోండా అమెరికాలో దాదాపు 17 లక్షల కార్లను వెనక్కి పిలిచింది. స్టీరింగ్ మధ్యలో పట్టేసినట్టు అవుతోందని ఫిర్యాదు. తేలిందేమిటంటే స్టీరింగ్ గేర్‌బాక్స్‌లోని వార్మ్ వీల్ సరిగ్గా తయారుకాక రాపిడి పెరిగింది. మందు ఏమిటంటే స్ప్రింగు మార్చడం, గ్రీజు పెట్టడం. రెండోది మన ఊళ్లలోనే తిరుగుతున్న బండ్లది. హ్యుందాయ్ కార్లలో చాలావాటికి మోటారుకూ వార్మ్‌కూ మధ్య చిన్న రబ్బరు కప్లింగ్ ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికి అది పొడిపొడి అవుతుంది, చక్రం తిప్పగానే టకటకమని వినిపిస్తుంది. అరచేతిలో ఇమిడే రబ్బరు ముక్క. దాని చప్పుడుకు మొత్తం కాలమ్ మార్చుకున్నవాళ్లు ఎందరో. ‘రిపేరు ఉండదు’ అన్న మాటకు ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

స్కానర్ పెట్టాం కదా అంటారు. ఏ స్కానర్? చౌకగా దొరికేది ఇంజిన్ కోడ్‌లు చదువుతుంది, స్టీరింగ్ ఈసీయూతో మాట్లాడదు. ‘నో ఫాల్ట్’ అని తెర మీద కనిపిస్తే స్టీరింగ్‌లో లోపం లేదని కాదు, అటు వెళ్లి అడగనే లేదని. మాట్లాడే స్కానర్ దొరికినా ‘టార్క్ సెన్సార్’ అని కోడ్ వచ్చినంత మాత్రాన సెన్సార్ చచ్చిందని అర్థం కాదు; దాని దారిలో కనెక్టరుంది, వైరుంది, వోల్టేజీ ఉంది. బ్యాటరీ వైరు పీకి మళ్లీ పెట్టే వైద్యమైతే మరీ ఘోరం. లైటు ఆరుతుంది, కొన్ని బండ్లలో కోడ్ కూడా చెరిగిపోతుంది, సాక్ష్యం పోతుంది. పైగా కొన్ని కార్లలో స్టీరింగ్ కోణం సెన్సార్ సున్నా మరిచిపోయి కొత్త లైటు వెలుగుతుంది. పవర్ స్టీరింగ్ ఆయిల్ పోయమనేవాళ్లకు ఒకటే ప్రశ్న: కాలమ్ మీద మోటారున్న బండిలో ఎక్కడ పోస్తారు?

కాలమ్ పోయే సందర్భాలు లేవా? ఉన్నాయి. వోల్టేజీ బాగుండి, ఎర్త్ బాగుండి, కనెక్టర్లు పొడిగా ఉండి, టార్క్ సెన్సార్ పంపే రెండు సిగ్నళ్లు ఒకదానితో ఒకటి పొసగకపోతే. చేయి వదిలితే చక్రం తానే ఒక పక్కకు తిరిగిపోతుంటే. చాలా కంపెనీలు ఆ సెన్సార్‌ను విడిగా అమ్మవు, కాబట్టి కాలమే. అప్పుడు కూడా రెండు పనులు మిగులుతాయి. ఒకటి, మీ ఛాసిస్ నంబరుకు రీకాల్ ఉందేమో కంపెనీ సైటులో చూడటం. 2023 జులైలో మారుతి టై రాడ్ లోపం అనుమానంతో 87,599 ఎస్‌ప్రెస్సో, ఈకో బండ్లను ఇలాగే పిలిచి ఉచితంగా చూసింది. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టంలో 110ఏ సెక్షన్ ఉన్నదే ఇందుకు. రెండు, కొత్త కాలమ్ బిగించాక స్కానర్‌తో సెన్సార్ల సున్నా సరిచేయించడం. అది చేయకుండా బండి అప్పగిస్తే తిన్నగా ఉన్న రోడ్డు మీద చక్రం వంకరగా నిలబడుతుంది, మళ్లీ లైటు వెలుగుతుంది, మళ్లీ ‘కరెంటు స్టీరింగ్ ఇంతే సార్’. సెకండ్ హ్యాండ్ కాలమ్ అయితే అది మీ మోడల్‌కు సరిపోయేదేనా అని డబ్బు ఇచ్చే ముందే అడగాలి. జాబ్ కార్డు మీద ఏ కోడ్ వచ్చింది, తిప్పుతుండగా వోల్టేజీ ఎంత, ఎర్త్ మీద ఎంత అని మూడు అంకెలు రాయించుకోండి, పాత కాలమ్‌ను డిక్కీలో వేయించుకోండి. రాయడానికి ఒప్పుకోని షెడ్డు నుంచి బండిని మెల్లగా, స్టీరింగ్ కాస్త బరువుగానే ఉన్నా, బయటికి తీసుకుపోవచ్చు.