చంద్రయాత్రలో మన పాలెంత?

2035వ సంవత్సరమునాటికి స్వకీయమగు అంతరిక్షనిలయమును నిర్మింపవలెననియు, 2040 నాటికి భారతీయు లొకరు చంద్రతలముపై పాదము మోపవలెననియు 2023 అక్టోబరులో కేంద్రప్రభుత్వము సంకల్పము ప్రకటించినది. ఈ వార్తకు జయజయధ్వానములు చేయువారు కొందఱు; కూటికి వెదకుకొను దేశమునకు చంద్రుడేలయని పెదవి విఱచువారు కొందఱు. మేము ఈ రెండు పక్షములలో దేనియందును చేరజాలము.

పెదవి విఱచువారి మాట త్రోసిపుచ్చదగినది కాదు. ఉపగ్రహములవలన తుపానుల జాడ ముందుగా తెలిసి, జాలరుల ప్రాణములు దక్కుచున్నవి. ఆ వ్యయమునకు మన సముద్రతీరమే సమాధానము చెప్పును. మనుష్యుని చంద్రుని కడకు పంపుటవలన అట్టి ప్రత్యక్షలాభము లేదని యొప్పుకొనవలసినదే. గగనయానమునకు 2018లో సుమారు 10 వేల కోట్ల రూపాయలు మంజూరైనవి. అంతరిక్షనిలయముయొక్క తొలిభాగమునుగూడ చేర్చగా, 2024 సెప్టెంబరునాటికి ఆ మొత్తము 20,193 కోట్లయ్యెను. ఇంత ధనమునకు ఫలము పొలములలో వెదకిన కానరాదు. చట్టములు వ్రాయబడు సభలలో వెదకవలెను.

దక్షిణధ్రువఖండపు చరిత్రము చూడుడు. 1959లో పండ్రెండు రాజ్యములు కూడి ఆ ఖండమునుగూర్చి ఒడంబడిక వ్రాసికొన్నవి. అందు భారతదేశము లేదు. పిమ్మట చేరువారికి సంతకము చేసినంతమాత్రమున నిర్ణయాధికారము రాదు. ఆ మంచునేలపై గణనీయమగు పరిశోధన చేయుచున్నట్లు చూపినవారికే సభలో పీట. మన తొలి యాత్రికబృందము 1981 డిసెంబరులో గోవానుండి బయలుదేరి 1982 జనవరిలో అచ్చట దిగినది. 1983 సెప్టెంబరులో మనకు పీట లభించినది. (ఓడ నార్వేవారిది, అద్దెకు తెచ్చినది. ఐనను పోయినవారు మనవారు.)

చంద్రునిపై అట్టి సభ యింకను రూపుగొనలేదు. చంద్రుడు ఏ రాజ్యమునకును సొత్తు కాదని 1967నాటి అంతర్జాతీయ ఒడంబడిక చెప్పుచున్నది. కాని అచ్చట త్రవ్వితీసిన ద్రవ్య మెవ్వరిదో స్పష్టముగా చెప్పదు. తీసినవారిదేయని అమెరికా 2015లో తన పౌరులకు చట్టము చేసికొన్నది. 2020నాటి ఆర్టెమిస్ ఒప్పందములు, ఒకరి పనికి మఱొకరు అడ్డురాకుండ ‘భద్రతామండలము’ లేర్పఱచుకొనవచ్చుననుచున్నవి. 2023 జూన్‌లో మనమును వానిపై సంతకము చేసితిమి. చీనా రష్యాలు వేఱుజట్టు కట్టినవి. ఇరుజట్టుల చూపును దక్షిణధ్రువముమీదనే. ఏలయన, ఎండ సోకని గోతులలో మంచున్నది. చంద్రునిపై నీటిజాడ నిర్ధారణమగుటకు 2008లో మనము పంపిన చంద్రయానమే తోడ్పడినది! మంచుగల చోట్లు కొలదిగనే యున్నవి. ముందు చేరినవాడు భద్రతకని గీసిన గిరి, కాలక్రమమున సరిహద్దు కాదని యెవ్వరు పూచీ పడుదురు? వర్తకమునకు కొట్లు కట్టుకొనుట కనుమతి వేడినవారు దేశమునకే ప్రభువులైన కథ మచిలీపట్టణమునకు ఒకరు చెప్పవలసినది కాదు.

కావున మనము పోవలెను. పోవుట యెవ్వరి నౌకలో? రాకేశ్ శర్మ 1984లో సోవియటు నౌకలో పోయెను. శుభాంశు శుక్లా 2025 జూన్‌లో అమెరికానౌకలో అంతర్జాతీయ నిలయమునకేగి క్షేమముగా తిరిగివచ్చెను. సంతోషమే. కాని నలువది సంవత్సరములు గడచినను పరుల నౌకలో చోటు అడుగవలసివచ్చుట మఱువరాదు. పరుల మాటపై ఆధారపడిన ఫలమును మనమొకమారు చవిచూచితిమి. అతిశీతలద్రవములతో నడచు క్రయోజనిక్ యంత్రమునకై 1991లో సోవియటువారితో ఒప్పందము చేసికొంటిమి. 1992లో అమెరికా ఆంక్షలు విధించినది. 1993లో రష్యా వెనుకంజవేసి, యంత్రములు మాత్రమిత్తును గాని విద్య యీయననినది. ఆ విద్య మన శాస్త్రజ్ఞులు స్వయముగా సాధించి, 2014 జనవరి 5న శ్రీహరికోటనుండి జయప్రదముగా ప్రయోగించిరి. ఇరువదేండ్లు పట్టినది, ఐనను నేడు దాని నెవ్వరును మననుండి లాగికొనజాలరు.

శ్రీహరికోట పేరు వచ్చినది గనుక ఒక మాట. పులికాటు సరస్సునకును సముద్రమునకును నడుమనున్న ఆ దీవిలో తరతరములుగా నివసించిన యానాదులు ప్రయోగకేంద్రముకొఱకు తరలింపబడిరి. 2025 జనవరిలో మూడవ ప్రయోగవేదికకు 3,984 కోట్లకుపైగా మంజూరైనవి. అందలి ఉద్యోగములలో ఆ కుటుంబముల బిడ్డలకు పాలెంతయని పార్లమెంటులో మన సభ్యు లొక్కరైన నడిగిన బాగుండును.

ఇక తొందరపాటు. భూమికి 400 కిలోమీటర్ల యెత్తున ప్రమాదము కలిగిన, గంటలలో దిగిరావచ్చును. చంద్రుడు 3,84,000 కిలోమీటర్ల దూరమున నున్నాడు; 1970లో అపోలో 13 నౌక దెబ్బతిన్నపుడు ముగ్గురు యాత్రికులు మూడుదినములకుపైగా మృత్యువునకు ఎదురుగా కూర్చుండవలసివచ్చెను. కుజయాత్రకు పోవుటకే ఏడు మాసములు. పలుకు చేరుటకే ఒక్కొక్కప్పుడు 20 నిమిషములు దాటును. విక్రమ్ 2019లో చంద్రునిపై కూలినది. లోపములు దిద్ది 2023 ఆగస్టు 23న మరల దింపితిమి. లోహయంత్రము గనుక మఱొకటి చేసికొంటిమి. 2024లో అనుమతి పొందిన నూతనవాహనము 30 టన్నులను భూకక్ష్యకు చేర్చగలదట. అపోలోయాత్రలలో చంద్రుని దెసకు పోయిన బరువే 45 టన్నులకు మించినది. ఈ యంతరము ప్రభుత్వమువారు ఎఱుగనిది కాదు. 2040 అను అంకె ఏ ఎన్నికలకొఱకును ముందునకు జరుపబడరాదు. పరీక్షలలో తప్పినవానిని, నెగ్గినవానితో సమముగా ప్రకటింపవలెను. యాత్రికులను పంపువఱకు వేచియుండక, భద్రతామండలముల వైశాల్యమునకును కాలపరిమితికిని హద్దు కావలెనని మన ప్రతినిధులు ఐక్యరాజ్యసమితిలో ఇప్పుడే అడుగవలెను. 2023లో ధ్రువసమీపమున దిగిన దేశము గనుక ఆ మాట వినబడును.